హేమంతమున పెరటిచెట్ల కొమ్మకోత

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాస పాఠము)



కార్తీకము గడచి, వానలు వెనుకబట్టి, వరికోతలు ముగిసి, కొడవలికి కొంచెము తీరిక దొరకినంతనే గృహస్థుని చూపు పెరటివైపునకు మరలును. జామచెట్టు ప్రహరి దాటినది. మల్లెపొద నూతిగట్టు త్రోవ నాక్రమించినది. వేపకొమ్మ వంటయింటి పెంకును రాచుచున్నది. చలికి ఎండ కావలెను, ఎండకు ఆకు అడ్డము. ఒకనాటి ఉదయమున గొడ్డలి బయటికి వచ్చును. మధ్యాహ్నమునకు పెరడు బోడియగును. ఇంటిల్లిపాదియు ఎంత వెలుతురు వచ్చినదని సంతోషింతురు. ఆ సంతోషము ఉగాదివఱకే. ఉగాదికి పచ్చడిలోనికి వేపపూవును పొరుగింట నడుగవలసి వచ్చును. వేసవిలో మామిడికాయకు అంగడికి పోవలసి వచ్చును. మల్లెపొద మాత్రము, చిత్రముగా, విఱగబూయును. గొడ్డలి ఒక్కటే, దినము ఒక్కటే, చేయియు ఒక్కటే. ఒక చెట్టునకు మేలయినది మఱియొక చెట్టునకు కీడైనది. ఈ భేదమెందువలన కలుగుచున్నదో విచారించుటయే నేటి ప్రసంగ విషయము.

చలికాలమున కొమ్మలు కోయవలెనను సూత్రము చలిదేశములనుండి వచ్చినది. కాశ్మీరమునందును హిమాచల ప్రదేశమునందును ఆపిలుచెట్లు డిసెంబరు మొదలు ఫిబ్రవరి వఱకు ఆకు రాల్చి నిద్రించును. అవి వేసవియందు సంపాదించిన ఆహారమంతయు వేళ్లలోను, బోదెలోను దాగియుండును. అట్టి వేళ కొమ్మ తీసినచో సంపాదించు ఆకు ఒక్కటియు పోదు. చెట్టు మేల్కొనినపుడు దాచిన ధనమంతయు మిగిలిన కన్నులకే చేరును. అచటి తోటమాలికి ఈ నియమము వేదవాక్యమే. తెలుగునాట మాత్రము అన్ని చెట్లు ఒక్కసారి నిద్రించు కాలమన్నది లేదు. పుష్యమాసమున సీతాఫలము ఆకు పండబాఱి రాల్చుచుండగా, దాని ప్రక్కనే మామిడి పూతకు వచ్చుచుండును. జామ కాయలతో నుండును. రేగు పండ్లతో నిండియుండును. ఒక్కొక్క చెట్టునకు ఒక్కొక్క పంచాంగము. ఆ పంచాంగమును చూడక ముహూర్తము పెట్టరాదు.

చూడవలసినది ముఖ్యముగా నొక్కటే: ఈ చెట్టునకు పూత ఎచ్చట వచ్చును? కొన్ని చెట్లు క్రొత్తగా వెడలిన లేతకొమ్మపైననే పూయును. మల్లె, గులాబి, జామ ఈ జాతివి. వీనికి కోత పడినచో క్రొత్త చిగురు వచ్చును, చిగురుతో మొగ్గ వచ్చును. మఱికొన్ని చెట్లు ముందటి నెలలయందు పెరిగి, ముదిరి, కొంతకాలము విశ్రమించిన రెమ్మ కొనయందు పూయును. మామిడి ఇందుకు ఉదాహరణము. వానకాలమున పుట్టిన మామిడిరెమ్మ శరత్తున ముదిరి, హేమంతపు చలి తగిలి, పుష్యమాఘములయందు తన కొననుండియే పూగుత్తిని వెలిగ్రక్కును. ఆ కొనను మార్గశిరమున తీసివేసినవాడు ఆకును కాదు, పంటను కోసినాడు. చెట్టు బ్రదికియే యుండును, పచ్చగనే యుండును, కాయ మాత్రముండదు. అందువలననే తప్పు ఎచ్చట జరిగినదో అతనికి తెలియదు. వాతావరణమును నిందించును, లేదా పొరుగువాని దృష్టిని నిందించును.

కొన తీసినంతనే ప్రక్క కన్నులు ఎందుకు మేల్కొనును? కొనమొగ్గలో పుట్టిన ఒక పదార్థము కాండముగుండ క్రిందికి దిగుచు, ప్రక్క కన్నులను ఎదుగనీయక అణచియుంచును. దీనిని 1933లో థీమన్, స్కూగ్ అను శాస్త్రజ్ఞులు ప్రయోగముచేత నిరూపించిరి. పెద్దవాడున్నంతకాలము పిన్నవారు నోరు మెదపని ఉమ్మడి కుటుంబమువంటిది చెట్టు. కొన తొలగినచో ఆ అదుపు తొలగును. క్రింది కన్నులు రెండు మూడు ఒక్కమాఱు తల లెత్తును. పొద గుబురు కావలెనన్న కొన త్రుంచుట, చెట్టు లోపలికి గాలి వెలుతురు కావలెనన్న కొమ్మను మొదలంట తీయుట. ఈ రెండును వేఱు పనులు. ఈ తేడా నెఱుగక గుబురు తగ్గించుటకై అన్ని కొనలను కత్తిరించు వారికి మఱుసటి యేట రెండింతల గుబురు ఎదురగును.

ఇక లెక్క. చెట్టున కుండు ఆకులన్నియు సంపాదించు చేతులు. వేళ్లు, బోదె, కాయలు, చిగుళ్లు, అన్నియు ఆ సంపాదన తిని బ్రదుకునవే. ఆదాయము నాలుగవ వంతు తగ్గినచో సంసారము సర్దుకొని నడుచును. సగము తగ్గినచో అప్పులపాలగును. కావున మల్లె గులాబులవంటి పొదలను విడిచి, తక్కిన పెద్దచెట్టునుండి ఒక్క సంవత్సరమున నాలుగవ వంతు పచ్చదనమునకు మించి తీయకుండుట మంచిది. ఎండకొమ్మకు ఈ లెక్క వర్తింపదు. అది ఆదాయమీయని పద్దు, ఎప్పుడైనను కొట్టివేయవచ్చును.

ఈ నియమములు తెలిసిన పిమ్మట పెరటిలోనికి పోవుదము.

మల్లెతో ఆరంభించుట న్యాయము, ఏలయన చలికాలపు కోత నిజముగా కోరునది అదియే. మల్లెపొదకు కార్తీకము చివరనుండి నీరు తగ్గింపవలెను. నవంబరు చివరి వారమునుండి డిసెంబరు లోపల, నేలనుండి మూరెడుకంటె కొంచెము ఎత్తున, అనగా ఇంచుమించు 45 లేక 50 సెంటీమీటర్ల వద్ద పొదనంతటిని సమముగా కోయవలెను. ఎండినవి, తెగులు పట్టినవి, లోపలికి అల్లుకొన్నవి మొదలంట తీయవలెను. చూచుటకు జాలిగొలుపును, ఇల్లాలు కంటనీరు పెట్టుకొన్న యిండ్లును కలవు. పిదప మొదలు త్రవ్వి, మాగిన పశువుల ఎఱువు వేసి, నీరు పెట్టినచో మాఘమున చిగిర్చి, చైత్రవైశాఖములయందు బుట్టలు నింపును. జాజిని డిసెంబరు చివరనుండి జనవరిలోను, సన్నజాజిని జనవరి చివర పక్షములోను కోయుట వాడుక. మూడింటికిని ఒకే దినమున కోత పెట్టుట సులభమే గాని, పూవు కోరువారికి తగినది కాదు.

గులాబిని అక్టోబరు డిసెంబరుల నడుమ కోసినచో ఇంచుమించు 45 దినములకు పూయును. బయటివైపునకు చూచుచున్న కన్ను నెన్నుకొని, దానికి పావు అంగుళము పైన, నీరు నిలువకుండ ఏటవాలుగా కోయవలెను. అంటుగులాబియైనచో అంటు క్రిందినుండి వచ్చు కొమ్మలను ఎప్పటికప్పుడు తీసివేయవలెను. అవి పొగరుగా పెరుగును, చూచువారికి ముద్దువచ్చును. అవి నాటుముల్లు గులాబివి, మేలుజాతివి కావు. వానిని పోషించినచో రెండేండ్లలో పైనున్న మంచిజాతి చచ్చి నాటుపొద మిగులును. అంటునిమ్మకు, అంటుమామిడికి సయితము ఇదియే హెచ్చరిక.

జామ విషయమున ఆతురత పనికిరాదు. అది లేతకొమ్మపై పూయునది గనుక కోతకు తగినదే. అయినను వానకాలపు కాయకంటె చలికాలపు కాయ రుచికరము, పురుగు తక్కువ. మార్గశిరమున గొడ్డలి పెట్టువాడు సంవత్సరమంతటిలోని మేలైన కాయను నేలపాలు చేసికొనును. కాయ కోతకు వచ్చి తీఱిన పిమ్మట, మాఘఫాల్గుణములయందు కొనలు కొంచెము తగ్గించి, నడుమ నిలువుగా పోవు కొమ్మలు రెండు మూడు తీసినచో చాలును. చెట్టు గొడుగువలె గాక గిన్నెవలె విచ్చియుండవలెను. ఎండ గిన్నెలోనికి దిగవలెను. చేతికందు ఎత్తున కాయ కాయుటకును, పిల్లలు చెట్టెక్కి పడకుండుటకును ఇదియే ఉపాయము.

సీతాఫలమునకు మాత్రము చలిదేశపు సూత్రము కొంత చెల్లును. అది చలికాలాంతమున ఆకు రాల్చి బోడిగా నిలుచును. పాలమూరు సీమలో, బాలానగరు పేరు మోసిన ఆ జాతి చెట్లను ఆ కాలమున చూచినవారు అవి చచ్చినవని భ్రమపడుదురు. ఆకు రాలి చిగురు రాకమునుపు ఎండుపుల్లలను, ఒండొంటిని రాచుకొను కొమ్మలను తీయుట మేలు. దానిమ్మకు తఱచు మొదటినుండి పిలకలు బయలుదేఱి చెట్టు చీపురుకట్టవలె నగును. బలమైన మూడు నాలుగు కాండములనుంచి తక్కినవి తీయవలెను. కాని దాని కాయ ముదురుకొమ్మమీది పొట్టి రెమ్మలపై కాయును గనుక కొనలన్నియు కత్తిరించుట తగదు. నిమ్మకు సాధ్యమైనంత తక్కువ కోత. ఎండుపుల్ల, నేలనంటు కొమ్మ, నడుమనుండి ముండ్లతో నిట్టనిలువుగా లేచు నీటికొమ్మ, ఇవి తీసి ఊరకుండవలెను.

మునగను పుష్యమాఘములయందు ముట్టరాదు. వేసవి కాయకు పూత సిద్ధమగుచుండు కాలమది. కాపు తీఱినపిమ్మట దానిని ఎంత పొట్టిగా కోసినను మరల లేచును. దాని కొమ్మ పెళుసు, మనిషి బరువు నోపదు; ఎక్కి కోయు సాహసము వలదు. రేగును వేసవియందు, ఆకు రాలి మోడైయున్నపుడు కోయుదురు. మామిడికి కోత కావలసినచో కాయ దిగిన వెంటనే, జ్యేష్ఠాషాఢములయందు చేయవలెను. అప్పుడు వచ్చిన చిగురు పుష్యమునకు ముదురును.

మామిడియం దైనను చలికాలమున చేయదగిన, చేయవలసిన పని యొకటి కలదు. అది బదనికను తొలగించుట. పిట్ట బదనికపండు తిని జిగురు పట్టిన గింజను కొమ్మపై రాల్చును. అది అచటనే మొలచి వేరును కొమ్మ కఱ్ఱలోనికి దింపి, చెట్టు త్రాగు నీటిని తాను త్రాగును. మామిడి ఆకుకును బదనిక ఆకుకును గల భేదమును ఒకసారి చూచినవాడు మఱువడు. ఆకును పెఱికినందువలన ప్రయోజనము లేదు. లోపలి వేరు మరల చిగిర్చును. అది పట్టిన తావునకు ఒక అడుగు క్రిందుగా కొమ్మనే కోయవలెను. దాని పండు పండి పిట్టల నోట బడకమునుపే ఆ పని చేయుట వీధివారందఱకు ఉపకారము. ఒక్క పెరటి బదనిక నాలుగు పెరళ్లకు విత్తనమగును.

సభాసదులారా, ఇక కోయు విధము. ఎప్పుడు కోయవలెనన్నంత ముఖ్యముగా ఎచ్చట కోయవలెనన్నది నిర్ణయింపవలెను. కొమ్మ బోదెతో కలియుచోట కొంచెము ఉబ్బెత్తుగా, ముడతలతో, కడియము తొడిగినట్లుండును. అమెరికా అటవీశాఖయందు పనిచేసిన అలెక్స్ షైగో (1930–2006) అను శాస్త్రజ్ఞుడు వేలకొలది చెట్లను నిలువునను అడ్డముగను కోసి పరీక్షించి, ఆ కడియములోనే గాయమును మూయు శక్తి యున్నదని వెల్లడించెను. మనుష్యుని పుండు మానినట్లు చెట్టు గాయము మానదు. చెడిన భాగమును చుట్టును గోడ కట్టి వేఱుచేసి, దానిపై క్రొత్త కఱ్ఱను పెంచుకొనును. బోదెకు నున్నగా, చదునుగా చెక్కిన కోత చూపునకు అందముగా నుండును గాని కడియమును కోసివేయును. కుళ్లు బోదెలోనికి దిగును. జానెడు మోటు విడిచినచో ఆ మోటు ఎండి, పుచ్చి, చెదలకు త్రోవ యగును. కడియమునకు వెలుపల, దానిని తాకకుండ, కోయవలెను.

బరువైన కొమ్మను ఒక్క కోతతో తీయబోయినచో, సగము తెగకమునుపే తన బరువుతో విఱిగి, బోదెపై మూరెడు బెరడును చీల్చుకొని పడును. దానికి మూడు కోతలు విధి. బోదెకు ఒక అడుగు దూరమున క్రిందినుండి మూడవ వంతు లోతు రంపపు కోత. దానికి రెండు అంగుళములు వెలుపల పైనుండి రెండవ కోత. కొమ్మ చీలిక లేకుండ విఱిగిపడును. మిగిలిన మోటును కడియము వద్ద మెల్లగా మూడవ కోతతో తీయవలెను. గొడ్డలి కంటె రంపము మేలు. గొడ్డలి దెబ్బ ఒకచోట పడవలసినది నాలుగుచోట్ల పడును, పడిన ప్రతిచోట బెరడు నలుగును. వ్రేలి లావు పుల్లలకు కత్తెర చాలును. తెగులు పట్టిన చెట్టును కోసిన కత్తెరను తుడువక ఆరోగ్యమైన చెట్టుపై వాడినచో తెగులును చేత పంచినట్లే.

గాయమునకు పూత వేయవలెనా యను ప్రశ్నకు ప్రాచీనులును నవీనులును వేఱుగా సమాధానమిచ్చిరి. ఆఱవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితయందు వృక్షాయుర్వేదాధ్యాయమును రచించెను. చలి, గాలి, ఎండలవలన చెట్లకు రోగము కలుగుననియు, ఆకులు పాలిపోవుట, చిగురు ఎదుగకుండుట, కొమ్మలెండుట, రసము స్రవించుట దాని లక్షణములనియు అందు చెప్పెను. చికిత్సలో మొట్టమొదట చెప్పినది శస్త్రముతో చెడిన భాగమును శుద్ధిచేయుట. పిదప వాయువిడంగములు, నేయి, బురద కలిపిన లేపము. ఆపై పాలు కలిపిన నీరు. రోగలక్షణము, శస్త్రము, ఔషధము, పథ్యము, వరుస తప్పలేదు. దాదాపు 1,500 సంవత్సరములనాడు చెట్టును రోగిగా చూచిన ఆ దృష్టికి నమస్కరింపవలసినదే. అయినను నేయి పాలు పిల్లల కుంచుట మంచిది. షైగో తన పరిశోధనలో గాయముపై రంగు పూసినను కుళ్లు ఆగదని కనుగొనెను. తడి హెచ్చుగానుండి బంక తెగులు పట్టు నిమ్మజాతులకు మాత్రము తోటశాస్త్రజ్ఞులు నేటికిని బోర్డో పూత చెప్పుచున్నారు. మైలుతుత్తము 100 గ్రాములు, సున్నము 100 గ్రాములు, వేఱువేఱుగ నీటిలో కలిపి, రెండును చేర్చి మొత్తము ఒక లీటరగునట్లు చేయవలెను. ఇనుప పాత్ర పనికిరాదు. మట్టికుండ గాని ప్లాస్టికు బకెట్టు గాని వాడవలెను. ఇనుప కత్తిని ముంచి తీసినపుడు ఎఱ్ఱని రాగిపొర పట్టినచో సున్నము చాలలేదని గుఱుతు. నిమ్మకు ఇది పూయుడు. జామకు, వేపకు కోత సరిగా నున్నచో ఏ పూతయు అక్కఱలేదు.

ఆ యధ్యాయమున వరాహమిహిరుడే చెట్టునకు చెట్టునకు నడుమ ఇరువది మూరలు ఉత్తమమనియు, పదునాఱు మధ్యమమనియు, పండ్రెండు అధమమనియు, ఒకదానినొకటి తాకుచు వేళ్లు పెనవేసికొన్న చెట్లు సరిగా ఫలింపవనియు చెప్పెను. ఇరువది మూరలనగా ముప్పది అడుగులు. నాటుమామిడి తోటలలో నిన్నమొన్నటివఱకు పాటించిన 10 మీటర్ల ఎడమునకు ఇది ఎంత దగ్గఱయో చూడుడు. మూడు సెంట్ల పెరటిలో మామిడి, జామ, పనస, సపోటా నాలుగును నాటి, అవి కలహించుచున్నవని ఏటేట కొమ్మలు నఱకుట ఎవరి తప్పు? నాటునాటి తొందరకు కోత మందు కాదు. మొక్కై వంగనిది మానై వంగదన్న మాట పిల్లలకే గాక మొక్కలకును వర్తించును. రెండేండ్ల మొక్కకు గోటితో గిల్లిన కొన, ఇరువదియేండ్ల చెట్టునకు రంపము పెట్టవలసిన అగత్యమును తప్పించును.

వేపను గూర్చి కొంచెము విరివిగా చెప్పవలసియున్నది. 2021లో తెలుగు రాష్ట్రములు రెండింటను వేపచెట్లు కొనలనుండి మాడిపోవుట ఆరంభించినవి. నిప్పు సోకినట్లు రెమ్మలు ఎఱ్ఱబాఱి ఎండినవి. గ్రామగ్రామమున భయము పుట్టినది. శాస్త్రజ్ఞులు దానిని శిలీంధ్రమువలన కలుగు కొన ఎండు తెగులుగా గుర్తించి, చెట్లను నఱుకవలదని చెప్పిరి. వినినవారును కలరు, వినక ముందే కఱ్ఱ బేరమాడినవారును కలరు. నిలిపిన చెట్లలో పెక్కు వేసవికి క్రొత్తచిగురు తొడిగినవి. నఱకినవాని తావున నీడ లేదు. ఎండినట్లు కన్పట్టు చెట్టు చచ్చినదా బ్రదికినదా తెలిసికొనుటకు పండితుడు రానక్కఱలేదు. లావు కొమ్మపై గోటితో పైబెరడును కొంచెము గీకి చూడవలెను. లోపల పచ్చగా, తడిగా నున్నచో ప్రాణమున్నది. గోధుమవన్నెతో పొడిగా నున్నచో ఆ కొమ్మ చచ్చినది. అప్పుడైనను క్రిందికి దిగి మఱియొకచోట, ఆపై బోదెమీద గీకి చూడవలెను. కొన చచ్చినంత మాత్రమున మొదలు చావలేదు. ఎండిన భాగమునకు కొంచెము క్రిందుగా, పచ్చని కఱ్ఱ తగులువఱకు కోసి, కోసిన పుల్లలను కాల్చివేసి, ఒక వేసవి ఓపిక పట్టవలెను. నూఱేండ్ల నీడకు ఆఱునెలల గడువీయలేనంతటి తొందర పని గ్రామములో ఏదియు లేదు. తెగులు లేని వేపను సయితము మాఘమున బోడిచేసినచో ఆ యేట పుష్టిగా ఆకే వచ్చును గాని పూవు రాదు. పెంకును రాచు కొమ్మ నొక్కదానిని తీసి తక్కినవానిని విడుచుట చాలును.

చెట్టు కొమ్మ దండనీయమైన వస్తువని పూర్వులెఱుగుదురు. కౌటిల్యుని అర్థశాస్త్రమున, ఆ గ్రంథమును శ్యామశాస్త్రిగారు 1909లో మైసూరున ప్రకటించిరి, పూవు, పండు, నీడ నిచ్చు నగరోద్యాన వృక్షముల చిగురు కోసినవానికి 6 పణములు, చిన్నకొమ్మకు 12, పెద్దకొమ్మకు 24 పణములు జరిమానా. బోదెను నఱకిన ప్రథమ సాహస దండము, పెకలించిన మధ్యమ సాహస దండము. పొలిమేర గుఱుతుగా నున్న చెట్టునకు, దేవస్థానపు చెట్టునకు ఈ దండములు రెండింతలు. హద్దుచెట్టు పోయినచో రెండు వంశములు మూడు తరములు వ్యాజ్యమాడునని తెలిసినవాడు వ్రాసిన శాసనమది. నేటి కాలమున 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము చెట్ల నఱకుటకు అనుమతి నిబంధనను పెట్టినది. కొమ్మకోతయని చెప్పి మొదలు నఱకువారు దానిని జ్ఞప్తియం దుంచుకొనవలెను.

పొరుగువాని కొమ్మ గోడ దాటి వచ్చినచో? తన నేలపైకి వ్రాలిన కొమ్మను తన హద్దు వఱకు కోసికొను హక్కు భూస్వామికి కలదని ఇంగ్లండు న్యాయస్థానములు 19వ శతాబ్ది చివర నిర్ణయించినవి. అయితే కోసిన కొమ్మ, దాని కాయ చెట్టువానివే. హక్కు కాగితముమీద నున్నది. ప్రక్కయింటి పెండ్లికి, చావుకు పోవలసినది కాళ్లతో. 'బావా, మీ మునగకొమ్మ మా గోడపై వ్రాలినది, కాపు తీఱినపిమ్మట ఇద్దఱము కలసి తీయింతము' అను మాటకు దమ్మిడీ ఖర్చు లేదు. మునగకాడలు నాలుగు ఇవతలికిని వచ్చును.

కోస్తా జిల్లాలయందు మఱియొక చింత కలదు. అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు తుపానుల కాలము. 1977 నవంబరు 19న దివిసీమను, 1996 నవంబరులో కోనసీమను, 2014 అక్టోబరు 12న విశాఖపట్టణమును తాకిన తుపానులలో నేలగూలిన చెట్లకు లెక్కలేదు. ఇంటిపైకి ఒరిగిన కొమ్మను, రెండుగా చీలుటకు సిద్ధముగానున్న పంగను, పుచ్చిన మోటును వానలకు ముందే సరిచూచుకొనవలెను. తుపాను పోయినపిమ్మట విఱిగిన మోళ్లను చలికాలమున చక్కగా కోసి శుభ్రపఱుపవలెను. కొబ్బరికి మాత్రము పచ్చిమట్ట తీయవలదు. దానికి తలపై ఒక్కటే మొవ్వ. ప్రక్క కన్నులు లేవు. ఏ మట్ట పోయినను ఆ మేరకు కాయ తగ్గును. ఎండి వ్రేలాడు మట్టయే తీయదగినది.

విద్యుత్తు తీగె దగ్గఱనున్న కొమ్మను గూర్చి ఒక్కమాట. ఇనుప కొడవలి కట్టిన దోటి, పచ్చి కొమ్మ, మంచుతో తడిసిన ఆకు, ఇవి మూడును విద్యుత్తును ప్రసరింపజేయును. ఉదయపు మంచులో తీగె క్రింద దోటి ఎత్తరాదు. లైనుమనిషిని పిలిచి ప్రవాహము నాపించిన పిమ్మటనే పని. కొమ్మపై పిట్టగూడు, తేనెపట్టు, చీమలగూడు ఉన్నదేమో క్రిందనుండియే చూచుకొనవలెను. పిట్టగూడున్నచో పిల్లలెగిరిన పిమ్మట కోయవచ్చును.

కోసిన కొమ్మల విషయము చెప్పి విరమింపవచ్చును. మార్గశిరపుష్యములలో తీసిన ఎండుకొమ్మలు భోగిమంటకు సరిపోవును. భోగినాడు తెల్లవాఱుజామున పచ్చికొమ్మలు నఱకి తెచ్చు కుఱ్ఱవారికి ఈ కట్టెలను ముందుగానే చూపించి పెట్టుట మంచిది. పచ్చిరొట్ట మేకలకు, మిగిలినది ఎఱువుగుంటకు. తెగులుపుల్ల మాత్రము గుంటలో వేయరాదు. ఇక దానిమ్మనుండి తీసిన పెన్సిలు లావు ముదురుపుల్లలను పాఱవేయవలదు. జానెడు పొడవున, క్రింద అడ్డముగను పైన ఏటవాలుగను కోసి, మూడింట రెండు వంతులు మట్టిలో దించి నీడలో తడియాఱకుండ నుంచినచో వేళ్లు పాఱును. రాబోవు వానకాలమునకు మొక్కలగును. గ్రంథాలయపు ఆవరణలో ఉత్తరపు గోడ ప్రక్కన ముప్పది అడుగుల ఖాళీ తావున్నది. అచట రెండు మొక్కలు పట్టును, మూడు పట్టవు.